బావ వాయించిన టేపు

కిషన్‌బాగ్‌లో పాల రవీందర్ ఇల్లు ఎక్కడంటే చిన్నపిల్లలు కూడా చూపిస్తారు. కింద బర్రెల కొట్టం. దాన్ని ఆనుకుని ఉన్న రెండు గదుల్లో రవీందర్, భార్య నీలమ్మ, డిగ్రీ చదువుతున్న కూతురు గీతాంజలి. పైన స్లాబు వేయించి, నేలకు బండలు పరిపించి, కిటికీలకు దోమల జాలీలు కొట్టించి కట్టిన వాటాలో రవీందర్ అక్క అమల, ఆమె భర్త ఫణికుమార్. తాను పేడవాసనలో ఉండి బావను గాలి వచ్చేచోట కూర్చోబెట్టాడని వాడలో రవీందర్‌కు మంచి పేరుంది. ఆ పేరు పలికినవాళ్లే గొంతు తగ్గించి ఇంకో మాట కూడా అంటారు. ఉంచుకోక ఏం చేస్తాడు, ఆయన చెయ్యి పోయింది వీడివల్లనే కదా అని.

అది నిజమే. అప్పటికి రవీందర్‌కు మీసాలు సరిగా రాలేదు. అమ్మానాన్న పోయారు, అక్కా తమ్ముడే మిగిలారు. అక్క బహదూర్‌పురాలో ఒక మిషనరీ బడి ఆఫీసులో పనిచేసేది. అదే బడిలో సంగీతం టీచరు ఫణికుమార్. వాళ్ల నాన్న కోస్తా నుంచి సర్కారు కొలువు మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. పాలవాళ్ల ఇంటి పిల్లను చేసుకుంటానంటే ఫణికుమార్ వాళ్లింట్లో ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోయినా చేసుకున్నాడు. దాంతో ఆ ఇంటివాళ్లు ఈ గడప తొక్కడం మానేశారు. రవీందర్‌కు మాత్రం బావంటే ప్రాణం. ఇంగ్లీషు మాట్లాడేవాడు, ఇస్త్రీ చొక్కా వేసుకునేవాడు, ఆదివారాలు సికింద్రాబాద్‌లో ఒక పాత చర్చిలో ఆర్గన్ వాయించేవాడు. గోడ ఎత్తు గొట్టాలుండే వాయిద్యమట అది. రవీందర్ ఎప్పుడూ చూడలేదు. అయినా దోస్తులకు చెప్పుకునేవాడు.

రవీందర్‌కూ ఒక వాయిద్యం ఉండేది. పింటూ అనే దోస్తుతో కలిసి తీన్మార్ బ్యాండులో పుల్లలతో వాయించే తాషా డప్పు కొట్టేవాడు. ఆ వానాకాలం సాయంత్రం చార్మినార్ వైపు ఒక పెండ్లి బారాత్ ఉంది. బావను బడి దగ్గర ఎక్కించుకుని, ఇంటి దగ్గర దింపి, అటునుంచి అటే పోవాలని స్కూటర్ తోలుతున్నాడు. "మెల్లగా పోనివ్వవోయ్" అని బావ వెనకనుంచి అంటూనే ఉన్నాడు. పురానాపూల్ దగ్గర ఒక తోపుడుబండిని దాటబోయి బురదలో జారారు. వెనక లారీ వస్తోంది. రవీందర్‌కు మోకాళ్లు గీరుకున్నాయి. బావ ఎడమచెయ్యి టైరు కిందికి పోయింది. దవాఖానాలో మూడు వేళ్లు తీసేశారు.

రెండు వారాలు ఫణికుమార్ నోరు తెరవలేదు. అన్నం ముట్టలేదు. బడినుంచి టీచర్లు, వాడనుంచి పెద్దమనుషులు వచ్చి మంచం చుట్టూ నిలబడి పోయేవాళ్లు. అట్లాంటి ఒకరోజు ఆయన భార్యను పిలిచి ఇంట్లోని టేప్‌రికార్డరు, అల్మారాలో ఉన్న ఫలానా క్యాసెట్టు తెమ్మన్నాడు. తెచ్చి పెట్టింది. ముందు గాలి కదిలినట్టు ఏదో వినబడింది. తర్వాత గది గోడలు వణికేంత బరువైన స్వరం.

"ఇది మూడు వందల ఏళ్ల కిందట జర్మనీలో కట్టిన సంగీతం. బరోక్ అంటారు" అన్నాడు ఫణికుమార్ కప్పు వైపు చూస్తూ. "ఆర్గన్ మీద దీన్ని పలికించాలంటే రెండు చేతులూ రెండు కాళ్లూ నలుగురు మనుషుల్లా పనిచెయ్యాలి. ఇది ఎవరు వాయించారో తెలుసా? నేనే."

చర్చికి వచ్చిన ఒక జర్మన్ దొర విని, ఆశ్చర్యపోయి, తన టేపు మిషన్ మీద రికార్డు చేసుకుని, ఒక కాపీ పంపాడట. మా దేశం రా, చదివిస్తాను అన్నాడట. కాగితాలు రావాల్సిన సమయమట. చివరికి వచ్చేసరికి పాటలో ఎవరో దగ్గారు. "అది ఫాదర్‌గారు. ఆయనకు ఆయాసం" అన్నాడు ఫణికుమార్. తర్వాత కట్టుకట్టిన చేతిని ఎత్తి చూసుకుని, "ఇక కాగితాలొచ్చి ఏం చేస్తాయిలెండి" అన్నాడు.

వచ్చినవాళ్లందరూ తలలు తిప్పి గుమ్మం వైపు చూశారు. అక్కడ టిఫిన్ క్యారియర్ పట్టుకుని రవీందర్ నిలబడి ఉన్నాడు.

కాజీపేటలో రైల్వే కొలువు ఖాయమై ఉంది అప్పటికి. రవీందర్ చేరలేదు. బావకు చొక్కా గుండీలు పెట్టాలి, బూట్ల తాళ్లు కట్టాలి, బడికి దింపి మళ్లీ తేవాలి. బడివాళ్లు దయతలచి లైబ్రరీలో కూర్చోబెట్టారు. నాయన వదిలిన రెండు బర్రెలను రవీందర్ నాలుగు చేసి, నాలుగును పది చేసి, మేడ కట్టి అక్కాబావలను పైన ఉంచాడు.

ఆదివారం పొద్దున్నే పాలు పోసి వచ్చి, స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని మేడమీదికి పోవాలి. ఇది అక్క పెట్టిన కట్టడి. "ఒక్క గంట కూసో తమ్మీ. ఆయనకు వినేటోళ్లు గావాలె" అన్నది మొదట్లో. బావ క్యాసెట్టు పెడతాడు. ముగ్గురూ వింటారు. బావ మధ్యలో వివరిస్తాడు. "ఇదిగో, ఇక్కడినుంచి ఎడమచెయ్యి ఒంటరిగా పోతుంది." అప్పుడు ముగ్గురూ ఆ చేతినే చూస్తారు. ఒక బొటనవేలు, ఒక చిటికెనవేలు, మధ్యలో మెరిసే చర్మం.

ఫణికుమార్ ఒక్కనాడు కూడా బామ్మర్దిని తిట్టలేదు. చుట్టాలంతా దాన్నే చెప్పుకునేవాళ్లు, దేవుడిలాంటి మనిషి, ఒక్కమాట అనలేదు అని. ఆ ఒక్కమాట అని ఉంటే బాగుండేదని రవీందర్‌కు చాలాసార్లు అనిపించింది. నిజానికి ఒకసారి అన్నాడు. ప్రమాదం జరిగిన మరుసటి ఏడు బోనాలకు పింటూ వచ్చి, తాషాకు మనిషి తక్కువున్నాడు రమ్మని పిలిచాడు. రవీందర్ వద్దంటున్నాడు. లోపలి గదిలోంచి బావ వింటున్నాడు. "వెళ్లవోయ్" అన్నాడు నెమ్మదిగా. "నీ చేతులు బాగానే ఉన్నాయిగా." ఆ రోజే తాషాను పింటూకే ఇచ్చేశాడు రవీందర్. మళ్లీ పుల్లలు పట్టలేదు.

మొదటి నాలుగైదేళ్లు రవీందర్‌కు ఆ సంగీతం అర్థం కాలేదు. శిక్ష అర్థం కావాల్సిన పని ఏముంది? తలవంచుకుని కూర్చుని, అయిపోగానే లేచి వచ్చేవాడు. ఒక ఆదివారం ఏమైందో తెలియదు, ఉన్నట్టుండి అది వినబడింది. పల్లవిలాంటి ఒక చిన్న ముక్కను ఒక గొంతు ఎత్తుకుంటుంది. అది కొంత దూరం పోయాక ఇంకో గొంతు అదే ముక్క పట్టుకుని వెనకే బయలుదేరుతుంది. తర్వాత మూడోది. చివరికి కాళ్లతో వాయించే నాలుగోది, పక్కవీధిలో లారీ ఇంజను మొదలైనట్టు. నాలుగు గల్లీల్లోనుంచి నాలుగు ఊరేగింపులు అదే దెబ్బ కొట్టుకుంటూ చౌరస్తాకు వచ్చి, ఒకదాన్నొకటి తగలకుండా ఒకదాని లోపలినుంచి ఒకటి దాటిపోయినట్టు ఉంది. తాషా కొట్టిన చేతులు కాబట్టి ఆ లెక్క వాటికి తెలిసింది. రవీందర్‌కు ఒళ్లు జలదరించింది.

ఆ సంతోషం ఆయన ఎవరికీ చెప్పలేదు. చెయ్యి పోగొట్టినవాడు ఆ చెయ్యి చేసిన పనిని చూసి మురిసిపోవడం ఏం మర్యాద? అందుకని ఆదివారాల కోసం ఎదురుచూడటం కూడా దొంగతనంగానే ఎదురుచూశాడు. మేడమీద మొహం గంటు పెట్టుకునే కూర్చునేవాడు. కిందికి వచ్చి బర్రెలను కడుగుతూ ఆ నాలుగు గొంతులనూ లోపల నడిపించుకునేవాడు. ఇంత గొప్పదాన్ని నేనే కదా ఆపేసింది అన్న బాధ, దానివల్ల ఇంకా ఎక్కువైంది. క్యాసెట్టు అరిగిపోతుంటే కాపీ మీద కాపీ తీయించింది ఆయనే. టేప్‌రికార్డరు బెల్టు తెగితే పాతనగరమంతా తిరిగి వెతికి వేయించిందీ ఆయనే.

ఈమధ్య గీతాంజలి తండ్రికి ఫోన్‌లో పాటలు వెతకడం నేర్పింది. ఆర్గన్ అని కొడితే లోకంలోని చర్చీలన్నీ వచ్చి వాలాయి. పాలడబ్బాలు కడుగుతూ, గడ్డి వేస్తూ, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రవీందర్ ఎంతోమంది వాయించింది విన్నాడు. అందరూ బాగానే వాయించారు. ఒకరిది వింటుంటే తొందర, ఒకరిది వింటుంటే బరువు. ఎవరిది విన్నా చివరికి మనసులో ఒకటే అనుకునేవాడు. మా బావంత లేడు.

నీలమ్మ అక్క కూతురి పెండ్లి కుదిరింది. గాజులకని నీలమ్మ, గీతాంజలి బయలుదేరితే రవీందర్ ఆటోలో వాళ్ల వెంట లాడ్ బజార్ పోయాడు. వాళ్లు దుకాణంలో కూర్చున్నారు. ఆయన బయట మెట్టు పక్కన నిలబడి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోన్‌లో ఏదో పాట పెట్టుకున్నాడు. అది అయిపోయి దానంతట అదే ఇంకోటి మొదలైంది. ముందుగా గాలి కదిలిన చప్పుడు. తర్వాత ఆ బరువైన స్వరం.

రవీందర్ మొదట పట్టించుకోలేదు. ఈ పాటను ఇంకెవరో వాయించారనుకున్నాడు. అయితే రెండో గొంతు వచ్చేముందు ఒక చిన్న ఆగడం ఉంటుంది, ఊపిరి పీల్చుకున్నట్టు. బావ ఒక్కడే అట్లా ఆగుతాడు. ఇక్కడా ఆగింది. ఎడమచెయ్యి ఒంటరిగా పోయేచోట బల్ల కిర్రుమనడం ఉంటుంది. ఇక్కడా కిర్రుమంది. రవీందర్ చెవులు రెండు చేతులతో మూసుకున్నాడు, బజారు లొల్లి లోపలికి రాకుండా. చివరికి వస్తోంది. వచ్చింది. దగ్గు. అదే దగ్గు, ఒకసారి ఆపుకోబోయి ఆపుకోలేక రెండోసారి వచ్చిన దగ్గు.

ఆయనకు కలిగింది సంతోషమే. బావ పాట లోకానికి చేరింది అనుకున్నాడు. ఆ జర్మన్ దొరో, దొర పిల్లలో దాచి ఉంచి ఇన్నేళ్లకు బయటపెట్టారు. లక్షమంది విని ఉంటారు. ఫోన్ పట్టుకుని దుకాణంలోకి పోయాడు.

"గీతా, ఇది జూడు బిడ్డా. మీ మామ పాట. ఎవరో నెట్ల పెట్టిండ్రు."

గీతాంజలి ఫోన్ తీసుకుని కింద రాసింది చదివింది. ఇంకోసారి చదివింది.

"బాపూ, ఇండ్ల మామ పేరు లేదు. ఎవరో హాలెండ్ ఆయన. వాళ్లూరి చర్చిల కచేరీ చేస్తే రేడియోవాళ్లు రికార్డు చేసిండ్రని ఉంది."

"తప్పు రాసుంటరు."

"డెబ్బై నాలుగుల చేసిండ్రట బాపూ."

ఆమె ఫోన్ తిరిగి తండ్రి చేతిలో పెట్టింది. బావ పుట్టింది అరవై నాలుగులో. ఆ లెక్క రవీందర్‌కు రావడానికి కొంచెం సమయం పట్టింది. ఈలోగా గాజులాయన "భాయ్, సైజ్ ఠీక్ హై, దేఖో" అంటున్నాడు. నీలమ్మ ముంజేయి చాపి "ఇవి ఎట్లున్నయి?" అని అడిగింది. "మంచిగున్నయి" అన్నాడు రవీందర్. చేతిని చూడలేదు.

మరునాడు మధ్యాహ్నం ఫణికుమార్ క్షవరానికి పోయినప్పుడు రవీందర్ మేడ ఎక్కాడు. అమల బట్టలు ఆరేస్తోంది.

"అక్కా, ఆ టేపుల వాయించింది బావ కాదు గద."

ఆమె చేతిలో భర్త చొక్కా ఉంది. దాన్ని పిండి, దులిపి, తీగ మీద వేసి, రెండువైపులా క్లిప్పులు పెట్టింది. ఏ టేపు అని అడగలేదు.

"ఎవరు చెప్పిండ్రు?"

"నా చెవులే చెప్పినయి. నీకు ఎప్పటిసంది ఎరుక?"

"మొదటిసంది" అన్నది అమల. "ఆ టేపు ఎవరో దొర ఫాదర్‌కిస్తే, ఫాదర్ ఈయనకిచ్చిండు. పెండ్లికి ముందే నాకు వినిపిచ్చిండు. ఎప్పటికైనా గిట్ల వాయించాలె అమలా అన్నడు. ఆయనకు చర్చి పాటలు వస్తుండె. గంతే. గింత పెద్దది ఆయనతోని కాకపోతుండె."

"మరి జర్మనీ? కాగితాలు?"

"ఏ జర్మనీ తమ్మీ? ఏం లేదు."

రవీందర్ పిట్టగోడ మీద కూర్చున్నాడు. కొట్టంలో ఒక బర్రె గొలుసు గుంజుతున్న చప్పుడు వస్తోంది.

"దవఖానల అందరి ముందల అన్నడు" అన్నది అమల. "అన్నం ముట్టని మనిషి, నోరిప్పని మనిషి. ఆ మాట అన్నంక లేచి కూసోని గిన్నెడన్నం తిన్నడు. ఎట్ల కాదనాలె నేను?"

"ఆయన్ని కాదనకపోతే పాయె. నాకు చెవుల చెప్పకపోతివా?"

ఆమె బకెట్లోంచి ఇంకో బట్ట తీసింది. అది పిండుతూ, తమ్ముడి వైపు చూడకుండానే చెప్పింది. "చెప్తే నువ్వు కాజీపేట పోతుంటివి."

రవీందర్ తల ఎత్తి అక్కను చూశాడు.

"వాళ్లింటోళ్లు గడప తొక్కరు. మనకు అమ్మలేదు, నాయన లేడు. చెయ్యి లేని మొగనితోని నేనొక్కదాన్ని. నువ్వుంటే సాలనుకున్న. చెయ్యి పోయింది నిజమే గద తమ్మీ. అండ్ల అబద్ధం లేదు గద."

"చెయ్యి కోసం నేనుంటుంటి అక్కా. నువ్వు ఉండుమంటే ఉంటుంటి. పాట ఎందుకు?"

"అప్పుడు నాకు గట్ల నమ్మకం లేకుండె" అన్నది ఆమె. ఖాళీ బకెట్ ఎత్తుకుంటూ ఇంకో మాట అన్నది. "ఆయన్ని మాత్రం అడగకు. తట్టుకోడు."

అడగకూడదనే అనుకున్నాడు రవీందర్. ఆదివారం ఎప్పటిలాగే ఉతికిన చొక్కా వేసుకుని పైకి పోయాడు. టేపు తిరుగుతోంది. అరిగిన కాపీ, నీళ్ల కింద వినబడుతున్నట్టుంది. హాలెండ్ చర్చిలో ఎంత తేటగా ఉండె అనుకున్నాడు. అట్లా అనుకున్నందుకు తనమీద తనకే కోపం వచ్చింది.

"ఇక్కడే" అన్నాడు ఫణికుమార్. సగం చెయ్యి ఎత్తాడు. "చూడు రవీందర్, ఇక్కడ నా చెయ్యి ఎంత తేలిగ్గా పోయిందో. ఇప్పటికీ ఒక్కోరోజు ఆ వేళ్లు కదులుతున్నట్టే ఉంటుంది నాకు."

రవీందర్ జేబులోంచి ఫోన్ తీశాడు. టేప్‌రికార్డరు ఆపాడు. ఆ ఇంట్లో ఆ టేపును మధ్యలో ఆపడం అదే మొదటిసారి. ఫోన్‌లో అదే చోటినుంచి పెట్టి, బావ ముందు బల్ల మీద ఉంచాడు.

ఫణికుమార్ విన్నాడు. మొదట మొహంలో ఏదో మెత్తబడింది. అంత తేటగా ఆయన కూడా ఎప్పుడూ విని ఉండడు. కళ్లు మూసుకుని, కుడిచేతి వేళ్లు మోకాలి మీద ఆడించాడు. దగ్గు వచ్చింది. కళ్లు తెరిచాడు. ఫోన్ మీద ఉన్న పేరు చదివాడు.

"దొంగలు" అన్నాడు.

"బావా..."

"నాకు అప్పుడే అనుమానం. ఆ జర్మన్ వెధవ నా టేపు తీసుకెళ్లి ఎవడికో అమ్ముకున్నాడు. వీడెవడో పేరు వేసుకున్నాడు."

"డెబ్బై నాలుగుల రికార్డయిందని ఉంది బావా."

"సంవత్సరం ఎవడైనా వేసుకోవచ్చు." ఫణికుమార్ గొంతు ఇంకా పెరిగింది. "చెయ్యి పోయింది. ఇప్పుడు పేరు కూడా పోయింది. ఒక మంచి లాయర్ని చూడు. వీణ్ని వదలకూడదు." తర్వాత వంటింటి గుమ్మం వైపు తిరిగాడు. "అమలా, నువ్వు చెప్పు. ఆ రోజు చర్చిలో నువ్వు ఉన్నావుగా. నేను వాయించానా లేదా?"

అమల టీ కప్పులు పట్టుకుని నిలబడి ఉంది. రవీందర్ అక్కను చూశాడు. ఆమె ఆ కప్పులను చూసింది.

"ఉన్న" అన్నది. "నేను ఆడనే ఉన్న తమ్మీ. నా కండ్లతోని చూసిన."

రవీందర్ ఫోన్ తీసి జేబులో పెట్టుకున్నాడు. "కొట్టంల పనుంది బావా" అని మెట్లు దిగాడు.

ఆ తర్వాత ఆయన ఆదివారాలు పైకి పోలేదు. మిగతావన్నీ చేశాడు. పొద్దున్నే పోయి గుండీలు పెట్టాడు, నెలకోసారి షుగర్ పరీక్షకు తీసుకుపోయాడు, నడుం నొప్పి అంటే మందు రాశాడు. వాళ్లిద్దరి మధ్యా ఆ మాట మళ్లీ రాలేదు. ఆదివారం రావడం లేదన్న సంగతి మాత్రం ఫణికుమార్ వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. ఫిర్యాదులా చెప్పలేదు. "వాడికీ పనులుంటాయి పాపం, చేతులున్నవాడు" అన్నాడట. చుట్టాలు ఊరుకుంటారా? పెండ్లిలో మేనత్త వరసైన ముసలామె రవీందర్‌ను పక్కకు పిలిచి, "మనిషి బతుకే తీస్తివి, వారానికి గంటసేపు కూసుంటే నీ ఆస్తి కరుగుతదా?" అని అడిగింది. రవీందర్ తలవంచుకుని విన్నాడు.

నీలమ్మకు గీతాంజలి చెప్పేసింది. "నేను చెప్త అందరికి" అన్నది నీలమ్మ ఆ రాత్రి అన్నం పెడుతూ. "మైకు పెట్టి చెప్త."

"చెప్తే ఏమొస్తది? అక్క అబద్ధాలకోరయితది. ఆయన పిచ్చోడయితడు. ఈ ముసలితనంల వాళ్లనేడ పడేద్దాం?"

"వాళ్ల ఫికర్ ఎప్పుడూ ఉన్నదే. నీ ముచ్చటేంది? నీ కొలువు పాయె, నీ తాషా పాయె. నలుగురిల తల పైకెత్తి నడిచినవా ఒక్కనాడన్న?"

రవీందర్ అన్నం కలుపుకున్నాడు.

ఒకరోజు కొట్టంలో ఎవరూ లేనప్పుడు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ హాలెండ్ ఆయన వాయించిందే పెట్టాడు. ఆయన తప్పేముంది, పాట తప్పేముంది అనుకున్నాడు. పాట ఎప్పటిలాగే ఉంది. నాలుగు గొంతులూ వచ్చాయి, చౌరస్తాలో కలిశాయి, దాటిపోయాయి. ఒక్క మూల కూడా తగ్గలేదు. అదే ఆయన తట్టుకోలేకపోయాడు. అది చెడిపోయి ఉంటే, మోసం బయటపడ్డాక చప్పగా వినబడి ఉంటే, వదిలించుకునేవాడు. ఈ ముచ్చట చెప్పుకోవడానికైనా మనిషి లేడు. బరోక్ అంటే ఏందో తెలిసిన మనిషి ఈ వాడలో మేడమీద ఉన్నాయన ఒక్కడే. ఇయర్‌ఫోన్లు చుట్టి గీతాంజలికి ఇచ్చేశాడు.

దీపావళి ముందర అమల కిందికి వచ్చింది. మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగడం ఆమెకు కష్టం. కొట్టం గుమ్మంలో నిలబడి, "ఒక్క వారం రా తమ్మీ" అన్నది. "ఆయన టేపు పెట్టుకోని నీ కుర్చీ దిక్కే చూస్తుండు. నేనొక్కదాన్నే వినాలంటే నాతోని అయితలేదు."

"ఇన్నేండ్లు నేను విన్న గదక్కా. ఇగ నువ్వు విను."

అన్నాక రవీందర్‌కు తన మాట తనకే కటువుగా వినబడింది. కాని వెనక్కి తీసుకోలేదు. అమల కొంగుతో మొహం తుడుచుకుని, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కిపోయింది. ఆయన లేచి చెయ్యి అందించలేదు. అంతకుముందు ఎప్పుడూ అట్లా కూర్చుని ఉండిపోలేదు.

ఫణికుమార్‌కు వినేవాళ్లు దొరకడానికి ఎంతోకాలం పట్టలేదు. పక్కగల్లీలో ఏడుకొండలు అనే ఆయన అద్దెకు దిగాడు. భీమవరం నుంచి బదిలీ మీద వచ్చిన ఇన్సూరెన్సు ఆఫీసు మనిషి, నెమ్మదస్తుడు, పాటంటే ఇష్టం. పాలు రవీందర్ దగ్గరే తీసుకునేవాడు. ఒకరోజు పాలకు వచ్చి మేడమీద ఉన్న ఫణికుమార్‌తో మాటలు కలిపాడు. ఇద్దరిదీ కోస్తా యాస. "ఆదివారం రండి, ఒక అరుదైన రికార్డింగ్ వినిపిస్తాను" అన్నాడు ఫణికుమార్ పైనుంచి.

ఆ ఆదివారం రవీందర్ కింద డబ్బాలు తోముతుంటే పైన టేపు మొదలైంది. బరువైన స్వరాలకు డబ్బా మూతలు సన్నగా అదిరాయి. పాట ఆగాక చాలాసేపు మాటలు వినబడ్డాయి. బావ గొంతు, మధ్యలో అక్క గొంతు, మళ్లీ బావ గొంతు.

ఏడుకొండలు మెట్లు దిగి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ ఆగి రవీందర్ వైపు చూశాడు. ఆ చూపు రవీందర్‌కు బాగా తెలుసు. దవాఖానాలో మొదటిసారి చూశాడు దాన్ని.

"ఎంత గొప్ప విద్యండీ" అన్నాడు ఏడుకొండలు. "నేనైతే జన్మలో అలాంటిది వినలేదు. జర్మనీ వెళ్లాల్సిన మనిషి."

రవీందర్ డబ్బా తోముతూనే ఉన్నాడు.

"ఆ రోజు స్కూటర్ నడిపింది మీరేనటగా?"

"అవును సార్" అన్నాడు రవీందర్. "నేనే."

రవీందర్ ఇంకేమైనా అంటాడేమోనని ఏడుకొండలు కాసేపు నిలబడ్డాడు. రవీందర్ ఇంకో డబ్బా అందుకున్నాడు. ఆయన తల అడ్డంగా ఊపుకుంటూ గేటు తీసుకుని వెళ్లిపోయాడు. పై నెలనుంచి వాళ్లింటివాళ్లు పాలు మానేశారు. ప్యాకెట్ పాలకు మారారని నీలమ్మ ఎవరి దగ్గరో విని వచ్చి చెప్పింది.